ముంజేతి మీద మూడు షిఫ్టులు

ఆస్పత్రిలో చేరిన మనిషికి జరిగే తొలి ఉపచారం చాలా సందర్భాలలో ముంజేతికి సూది గుచ్చడమే. రోగం ఏమిటో ఇంకా తేలకపోవచ్చు. పరీక్షల ఫలితాలు రాకపోవచ్చు. పడుకోవడానికి మంచమైనా దొరకకపోవచ్చు. ఐనా చేతికి కాన్యులా మాత్రం అమరుతుంది. సూదికి తొడుగులా ఉన్న సన్నని ప్లాస్టిక్ గొట్టం సిరలోకి జారి అక్కడే నిలుస్తుంది. సూది వెనక్కు వచ్చేస్తుంది. ఆపైన సెలైనైనా, మందైనా, రక్తమైనా ఆ దారినే పోవాలి. ఆస్పత్రులలో చేరే రోగులలో నూటికి 70 మంది దాకా ఎప్పుడో ఒకప్పుడు ఈ గొట్టం అవసరమయ్యేవారేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఇంత సర్వసాధారణమైన పనిని ఎవరూ పెద్ద వైద్యంగా లెక్కించకపోవడంలో ఆశ్చర్యం లేదు. గుండెకు చేసిన శస్త్రచికిత్సకు వార్తాపత్రికలలో చోటు దొరుకుతుంది గాని, గొట్టం పెట్టిన చోట చేయి వాచకుండా కాపాడిన నర్సు పేరు ఏ పత్రికకూ ఎక్కదు.

చర్మం శరీరానికి కోటగోడ వంటిది. కాన్యులా ఆ గోడకు చేతులారా పెట్టిన కన్నం. పెట్టినది మేలు కోరే ఐనా, మందు వెళ్ళే దారినే సూక్ష్మజీవి కూడా వెళ్ళగలదు. గొట్టం సిర లోపలి పొరను ఒరుసుకొన్నా, గాఢమైన మందు దానిని మండించినా, సిర వాచి, ఎర్రబడి, తాడులా గట్టిపడుతుంది. వైద్యులు దీనిని ఫ్లెబైటిస్ అంటారు. గొట్టం సిరలోనుంచి జారిపోతే ద్రవం చుట్టుపక్కలకు చేరి చేయి ఉబ్బుతుంది. కొన్ని మందులు అట్లా బయటికి పారితే అక్కడి చర్మం చచ్చిపోవడం కూడా కద్దు. అన్నిటికన్న భయంకరమైనది, అరుదుగానే ఐనా, క్రిములు నేరుగా రక్తంలో ప్రవేశించడం.

2018లో వెలువడిన ఒక అంతర్జాతీయ పరిశీలన 51 దేశాలలోని 406 ఆస్పత్రులలో 40 వేలకు పైగా కాన్యులాలను పరీక్షించింది. నూటికి 10 నొప్పితోనో, సిర వాపు లక్షణాలతోనో ఉన్నాయి. 21 కాన్యులాల మీది పట్టీ సరిగా లేదు. 14 ఏ మందూ, ఏ ద్రవమూ వెళ్ళవలసిన పని లేకుండా ఊరికే చేతికి వేలాడుతున్నాయి. 36 విషయంలో ఆ రోజు ఎవరైనా ఆ చేతిని చూశారనడానికి కాగితం మీద ఆధారమే లేదు. ఈ నాలుగు అంకెలలో చివరిదే ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. మొదటి మూడు లోపాలనూ పట్టుకోగలిగినది ఆ చూపే గదా!

రాయపూర్ నగరాన్ని మనసులో ఉంచుకొని ఈ అంకెలను చదివితే వాటి అర్థం మరింత విశదమవుతుంది. 1963లో ఇక్కడ వైద్య కళాశాల ఏర్పడింది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక రాష్ట్రమై, ఈ నగరం రాజధాని అయింది. 2012లో తాటీబంధ్ ప్రాంతంలో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ పని ప్రారంభించింది. బస్తర్ అడవుల నుంచి, గరియాబంద్, మహాసముంద్ పల్లెల నుంచి, సరిహద్దు దాటి ఒడిశాలోని నువాపడా, కలహండి నుంచి రోగులు ఈ నగరానికి వస్తారు. విజయనగరం–రాయపూర్ రైలుమార్గం 1931లో పూర్తయిన నాటి నుంచి ఈ నగరానికి మన వైపు రాకపోకలు పెరిగాయి. ఇక్కడి మంచాల మీద తెలుగు మాట వినిపించడం వింతేమీ కాదు.

మంచాల పక్కన నిలబడేవారి సంగతీ అంతే. ఎయిమ్స్ సంస్థలలో నర్సుల నియామకానికి 2020 నుంచి దేశమంతటికీ ఒకే ఉమ్మడి పరీక్ష జరుగుతున్నది. రాజస్థాన్‌లో చదివినవారు, కేరళలో చదివినవారు, ఆంధ్రదేశంలో చదివినవారు ఒకే వార్డులో కలిసి పని చేసే పరిస్థితి ఏర్పడింది. ఒక్కొక్కరి వెనుక ఒక్కొక్క పాఠశాల, ఒక్కొక్క గురువు, ఒక్కొక్క అలవాటు ఉంటాయి. ఎవరి పద్ధతీ తప్పు కాకపోవచ్చు. కాని ఒకే రోగి చేయి రోజుకు మూడు షిఫ్టులలో మూడు పద్ధతులకు అప్పగింపబడితే, ఏ పద్ధతి ఎక్కడ ఆగి ఏది ఎక్కడ మొదలైందో ఆ చేతికే తెలియాలి.

ఛత్తీస్‌గఢ్‌లో ఈ విషయానికి మరొక తీవ్రత ఉన్నది. మధ్యభారతంలో సికిల్ సెల్ వ్యాధి విస్తారంగా కనిపించే ప్రాంతాలలో ఈ రాష్ట్రం ఒకటి. సికిల్ అంటే కొడవలి. గుండ్రంగా ఉండవలసిన ఎర్ర రక్తకణం కొడవలిలా వంగి, సన్నని నాళాలలో అడ్డుపడి, ఎముకలను పిండేసే నొప్పిని తెస్తుంది. ఈ వ్యాధిని నిర్మూలించే జాతీయ కార్యక్రమం 2023 జులై 1న పొరుగునున్న మధ్యప్రదేశ్‌లోని షహ్‌డోల్‌లో ప్రారంభమైంది. నొప్పి ముంచుకొచ్చిన ప్రతిసారీ ఈ రోగికి ద్రవాలు కావాలి, నొప్పి మందులు కావాలి, ఒక్కొక్కప్పుడు రక్తం కావాలి. ప్రతిసారీ మరొక సిర కావాలి. ఇట్లా ఎన్నోసార్లు ఆస్పత్రి మెట్లెక్కిన పిల్లవాణ్ణి ఊహించుకోండి. వాడి చేతులమీద మిగిలిన మంచి సిరలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఏ చేతిలో ఏ సిర దొరుకుతుందో నర్సుకన్న ముందు వాడే చూపిస్తాడు. పట్టీ వదులై ఒక గొట్టం పాడైతే ఇతరులకు అది ఒక సూదిపోటు మాత్రమే. ఈ పిల్లవాడికి అది తరగిపోతున్న ఆస్తిలో ఒక భాగం.

లోపం నర్సుల అజ్ఞానంలో ఉన్నదని అనుకోవడం సులభం. అందుకే ఎక్కడ ఇబ్బంది వచ్చినా ఒక శిక్షణ తరగతి ఏర్పాటు చేసి, చేతులు దులుపుకోవడం పరిపాటి అయింది. నిజానికి ఏ నర్సును అడిగినా క్రమం తడుముకోకుండా చెబుతుంది. చేతులు శుభ్రం చేసుకోవాలి. క్లోర్‌హెక్సిడిన్ కలిసిన ఆల్కహాలుతో చర్మాన్ని రుద్ది, అది దానంతట అదే ఆరేదాకా ఆగాలి. ఆపైన ఆ చోటును వేలితో తాకరాదు. గొట్టం అమర్చాక చర్మం కనిపించేట్టు పారదర్శకమైన పట్టీ వేసి, తేదీ, వేళ రాయాలి. మందు ఎక్కించే ప్రతిసారీ మూతిని రుద్ది శుభ్రపరచాలి. మందుకు ముందూ తరువాతా కొద్దిగా సెలైన్ పంపి గొట్టాన్ని కడగాలి. ఇందులో ఏ ఒక్కటీ తెలియనిది కాదు.

ఐతే తెలిసినదానికీ జరిగేదానికీ మధ్య వార్డు ఉంటుంది. ఆరేదాకా ఆగడం అంటే అర నిమిషమో, ఇంకొంచెమో. పుస్తకంలో అది చిన్న వాక్యం. పక్క మంచం రోగి వాంతి చేసుకొంటుండగా, మరొకరి బంధువు సీసా అయిపోయిందని కేకవేస్తుండగా అది చాలా దీర్ఘమైన కాలం. శుభ్రం చేసిన చోట సిర కనిపించకపోతే వేలు దానంతట అదే మళ్ళీ అక్కడికే వెళుతుంది. చేతితొడుగు అడ్డమనిపిస్తే దాని వేలికొన చింపేసేవారూ లేకపోలేదు. ఇక ప్లాస్టరు సంగతి. పని త్వరగా సాగడానికి దానిని ముందే ముక్కలుగా కత్తిరించి మంచం ఊచకో, ట్రాలీ అంచుకో అంటించి ఉంచడం అనేక ఆస్పత్రులలో కనిపించే అలవాటు. వందమంది చేతులు తాకిన ఊచ మీది మురికి ఆ ముక్కతోపాటు గాయం అంచుకు చేరుతుంది. పారదర్శకమైన పట్టీ నిండుకొన్న రోజున తెల్లని ప్లాస్టరు చర్మాన్ని పూర్తిగా కప్పేస్తుంది. దాని కింద ఏం జరుగుతున్నదీ విప్పితే తప్ప తెలియదు. మే నెలలో రాయపూర్ ఎండ 45 డిగ్రీలకు చేరినప్పుడు చెమటకు అంచులు లేచిపోయే పట్టీని ఏ శిక్షణ తరగతీ అతికించలేదు. అందుకు పట్టీ కావాలి. అది వెతుక్కోనవసరం లేకుండా చేతికందాలి.

షిఫ్టు మారే వేళ అంతకన్న క్లిష్టమైనది. ఇందుకు వైద్యచరిత్రలో ఒక పాత ఉదాహరణ ఉన్నది. 1832లో బ్రిటన్‌ను కలరా పీడిస్తున్నప్పుడు, ఎడింబరో పక్కనున్న లీత్ పట్టణంలో థామస్ లాటా అనే వైద్యుడు ఉప్పునీటిని నేరుగా సిరలోకి ఎక్కించే ప్రయత్నం చేశాడు. ఈనాటి సెలైన్ చికిత్సకు అదే ఆద్యం. ఆయన తొలి రోగి ఒక వృద్ధురాలు. చావు అంచున ఉన్నది. అరగంటలో ఆరు పింట్ల ద్రవం లోపలికి వెళ్ళేసరికి ఆమె కళ్ళకు వెలుగు వచ్చింది, గొంతు పెగిలింది, ఏ బాధా లేదని గట్టిగా చెప్పింది. గండం గడిచిందనుకొని లాటా ఆమెను ఆస్పత్రి వైద్యునికి అప్పగించి వెళ్ళిపోయాడు. విరేచనాలు తిరగబెట్టాయి. ఆ కబురు లాటాకు చేరలేదు. ద్రవం మళ్ళీ ఎక్కించలేదు. ఆయన వెళ్ళిన ఐదున్నర గంటలకు ఆమె మరణించింది. మళ్ళీ ఎక్కించి ఉంటే బతికేదని లాటా స్వయంగా రాసుకొన్నాడు. సిరలోకి ద్రవం ఎక్కించే వైద్యం తన మొదటి రోగిని పోగొట్టుకొన్నది చికిత్స తెలియక కాదు, అప్పగింతలోనే.

ఇప్పటి వార్డులో అప్పగింత సాధారణంగా నర్సుల బల్ల దగ్గర, రిజిస్టరు మీద జరుగుతుంది. “ఏడో నంబరు మంచం, కాన్యులా ఉంది, బాగానే ఉంది.” ఈ బాగానే అన్న మాటకు అర్థం ఎవరి మనసులో ఏముంటే అదే. రాత్రి నర్సుకు “కొంచెం ఎరుపు” అనిపించినది పొద్దుటి నర్సుకు ఏమీ కాదనిపించవచ్చు. మన భాషలలో తికమక అసలు అవయవం దగ్గరే మొదలవుతుంది. తెలుగులో “నరం దొరకలేదు” అంటాం. దొరకనిది నరం కాదు, సిర. హిందీలో నస్ అన్న మాట కూడా ఇట్లాగే రెంటికీ చెల్లుతుంది. ఛత్తీస్‌గఢీ మాట్లాడే ముసలమ్మ “పిరావత్ హే” అంటే నొప్పిగా ఉన్నదని అర్థం. దూరప్రాంతం నుంచి కొత్తగా వచ్చిన నర్సుకు ఆ ఒక్క మాట తెలియకపోతే మొదటి హెచ్చరిక గాలిలో కలిసిపోతుంది.

ఈ మాటల తేడాను అంకెలతో పూడ్చడానికి ఆండ్రూ జాక్సన్ అనే ఆంగ్ల నర్సు 1990ల చివర ఒక కొలబద్దను ప్రచారంలోకి తెచ్చాడు. దాని పొడి పేరు వి.ఐ.పి. మన దేశంలో ఆ మూడు అక్షరాలు వింటే ఎర్ర దీపం కారు, దాని ముందు పోలీసు బండి గుర్తుకు రావడం సహజం. ఇక్కడ మాత్రం అవి సిర వాపును కంటితో చూసి కొలిచే పద్ధతికి ఆంగ్లంలో పొడి అక్షరాలు. సున్న అంటే ఆరోగ్యంగా ఉన్నది. ఒకటి అంటే కొంచెం నొప్పో, కొంచెం ఎరుపో కనిపిస్తున్నది, కనిపెట్టి ఉండాలి. రెండు అంటే నొప్పి, ఎరుపు, వాపులలో ఏవో రెండు ఉన్నాయి, గొట్టం తీసి మరొక చోట పెట్టాలి. అక్కడి నుంచి గట్టిపడిన సిర, జ్వరం వరకు మెట్లు ఐదు. “కొంచెం” అన్న మాటకు బదులు “రెండు” అన్న అంకె రాస్తే, వచ్చే షిఫ్టు నర్సు ఏ రాష్ట్రం నుంచి వచ్చినా చేయవలసిన పని ఒక్కటే అవుతుంది.

ఐతే కొలబద్ద పుట్టిన చోటు దాని మీద ముద్ర వేయకుండా ఉండదు. తెల్లని చర్మం మీద ఎరుపు దూరం నుంచే కనిపిస్తుంది. బస్తర్ రైతు నల్లని ముంజేతి మీద అదే వాపు ముదురు ఊదాగానో, మరికొంత నలుపుగానో మాత్రమే కనిపించవచ్చు. ఒక్కొక్కప్పుడు అసలు కనిపించకపోవచ్చు. కంటిని నమ్ముకొన్నవారు సున్న రాసి వెళ్ళిపోతారు. ఇక్కడ వేళ్ళతో చూడాలి. పట్టీ మీదుగా మెల్లగా తాకి వెచ్చదనాన్ని, బిగువును పసిగట్టి, రెండో చేతితో పోల్చి, నొప్పి ఉన్నదా అని రోగి భాషలో అడగాలి. పరాయి దేశపు పద్ధతిని యథాతథంగా తెచ్చుకోవడానికీ, దానిని మన నేలకు తగినట్టు మలచుకోవడానికీ ఉన్న తేడా ఇటువంటి చోట్లనే బయటపడుతుంది.

గొట్టాన్ని ఎన్నాళ్ళకు మార్చాలన్న విషయంలో పండితులు ఏకాభిప్రాయానికి వచ్చారని చెప్పలేం. మూడు నాలుగు రోజులకొకసారి మార్చి తీరాలని ఒకప్పటి నియమం. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ ఆస్పత్రులలో 3,283 మంది మీద జరిగిన పరిశోధన 2012లో లాన్సెట్ పత్రికలో వెలువడి, ఆ నియమాన్ని కదిలించింది. గడువు ప్రకారం మార్చినా, అవసరమైనప్పుడే మార్చినా సిర వాపు నూటికి ఏడుగురిలోనే వచ్చింది. కాబట్టి అనవసరపు సూదిపోట్లు మానవచ్చునన్నారు. జెనీవా విశ్వవిద్యాలయ ఆస్పత్రులు గడువు నియమాన్ని విడిచిపెట్టి చూశాయి. అక్కడ రక్తంలో క్రిములు చేరిన కేసులు పెరగడంతో పాత నియమానికే తిరిగి వెళ్ళాయి. ఆ వివరాలు 2021లో వెలువడ్డాయి. ఈ రెండు ఫలితాలూ ఒకదానినొకటి కొట్టివేస్తున్నట్టు కనిపిస్తాయి. కాని “అవసరమైనప్పుడు మార్చడం” అన్న పద్ధతిలో అవసరాన్ని గుర్తించేవారు ఉండాలన్న షరతు దాగి ఉన్నది. ప్రతి షిఫ్టులోనూ చూసే కన్ను ఉన్నచోట ఆ స్వేచ్ఛ రోగికి మేలు చేస్తుంది; లేనిచోట పాత గడువే కాస్త కాపుదల. 2024 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ చిన్న గొట్టాల కోసమే ప్రత్యేకంగా మార్గదర్శకాలు వెలువరించి, 14 సత్పద్ధతులనూ 23 సిఫారసులనూ దేశాల ముందుంచింది. పట్టించుకోవలసిన విషయమేనని గుర్తించడానికి ఇంతకాలం పట్టింది.

నిలకడను సాధించడానికి అనుభవంలో నిలిచిన మార్గం ఆడంబరం లేనిది. ముందు లెక్కపెట్టాలి. వారంలో ఒకనాడు, ముందుగా చెప్పకుండా, వార్డులోని కాన్యులాలన్నిటినీ చూడాలి. ఎన్నింటికి తేదీ ఉన్నది, ఎన్నింటి పట్టీ పొడిగా ఉన్నది, ఎన్ని ఊరికే ఉన్నాయి అని రాయాలి. ఏదో ఒక్క మార్పు చేయాలి. ఉదాహరణకు, కావలసిన సామగ్రి అంతా ఒకే పళ్ళెంలో ఉంచడం, లేదా అప్పగింతను బల్ల దగ్గర నుంచి మంచం దగ్గరికి మార్చడం. మళ్ళీ లెక్కపెట్టాలి. ఈ పద్ధతి నిజానికి ఆస్పత్రిది కాదు, కర్మాగారానిది. 1924లో వాల్టర్ షూహార్ట్ అనే అమెరికన్ టెలిఫోన్ పరికరాల తయారీలో హెచ్చుతగ్గులను కొలవడానికి ఒక పటం గీశాడు. ప్రతి తప్పుకూ పనివాణ్ణి నిందించకుండా, తప్పు ఏర్పాటులో ఉన్నదా, ఆ ఒక్క రోజు ప్రత్యేక పరిస్థితిలో ఉన్నదా అని విడదీయడం ఆ పటం చేసిన ఉపకారం. ఏ నర్సు తప్పు చేసింది అన్న ప్రశ్నతో మొదలైన తనిఖీ రెండో వారానికే అబద్ధపు అంకెలు పోగుచేస్తుంది. భయపడినవారు చేతిని చూడరు, కాగితాన్ని చూసుకొంటారు. షిఫ్టు చివర ఒకే కలంతో, ఒకే ఒరవడిలో, ఇరవై మంచాలకు వరుసగా పడిన “సరి” గుర్తులను చూస్తే ఆ సంగతి ఎవరికైనా అర్థమవుతుంది.

మంచం పక్కన అప్పగింత జరిపితే పరిస్థితి మారుతుంది. వెళ్ళే నర్సు, వచ్చే నర్సు ఇద్దరూ ఒకే క్షణంలో ఒకే చేతిని చూస్తారు. రెండు అన్న అంకె ఎట్లా ఉంటుందో ఇద్దరికీ ఒక్కసారే తెలుస్తుంది. రోగి కూడా వింటాడు, అవసరమైతే అడ్డు చెబుతాడు. దీనికి పట్టే కాలం మంచానికి అర నిమిషం కావచ్చు. నర్సులు చాలినంతమంది లేని వార్డులో ఆ అర నిమిషం కూడా పిండుకోవలసినదే. ఆ మాట దాచి ఈ పద్ధతిని కీర్తించడం న్యాయం కాదు.

ఊరికే ఉన్న గొట్టాల సంగతి వేరు. అక్కడ నర్సు శ్రద్ధ ఒక్కటే సరిపోదు. మాత్ర మింగగలిగిన రోగికి ఇంకా ఇంజక్షన్ రాస్తూ పోయే వైద్యుడు, రేపు అవసరం పడుతుందేమోనన్న జాగ్రత్త, వీటితోపాటు జనం నమ్మకం అడ్డు నిలుస్తాయి. సెలైన్ ఎక్కితే ఒంట్లోకి సత్తువ వస్తుందని మన పల్లెలలో ఎంతగా నమ్ముతారో, మధ్యభారతపు పల్లెలలోనూ అంతే. ఐదు శాతం గ్లూకోజు ద్రవం అర లీటరు సీసాలో ఉండే చక్కెర 25 గ్రాములు; ఐదారు చెంచాలు. గొట్టం తీసేస్తే వైద్యం ఆపేసినట్టే భావించే బంధువులకు ఈ లెక్క చెప్పే ఓపిక ఎవరికో ఒకరికి ఉండాలి. ఒక రోజంతా ఏ మందూ వెళ్ళని గొట్టం గురించి వైద్యుణ్ణి అడిగే అలవాటు, ఇంకా నయం, దానిని తీసేసే అధికారమే నర్సుకు ఉంటే, అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ చేతులు క్షేమంగా ఉంటాయి.

గొట్టం తీసి, దూది నొక్కిపెట్టి, రోగిని ఇంటికి పంపినంతమాత్రాన కథ ముగియదు. సిర వాపు కొందరిలో తీసిన తరువాత, రెండు రోజులలోపు బయటపడుతుంది. అప్పటికి ఆ మనిషి కాంకేర్ బస్సు దిగి ఎక్కడో తన ఊళ్ళో ఉంటాడు. చేయి ఎర్రబడినా, వేడెక్కినా, గట్టిపడినా, జ్వరం వచ్చినా దగ్గరలోని ఆరోగ్య కేంద్రానికి వెళ్ళమన్న ఒక్క వాక్యం, అతనో అతని ఇంట్లో ఎవరో చదవగలిగిన భాషలో, డిశ్చార్జి కాగితం మీద ఉండాలి. ఇంగ్లీషులో అచ్చయిన కాగితం మీద ఆ వాక్యాన్ని ప్రస్తుతానికి నర్సు నోటితో చెప్పి పంపవలసిందే.